సిరియం ఒడ్డున మిషను ఏమంటుంది?

క్రితం వారం బీచ్‌లో నాణేలు వెతికే మెటల్ డిటెక్టర్ గురించి మాట్లాడాక ఒకావిడ ఫోన్ చేశారు. 1942లో వాళ్ళ తాతగారు రంగం వదిలి నడిచొచ్చేస్తూ, ఇత్తడి చెంబులో నగలు పెట్టి సిరియంలో పెరట్లో పాతారట. "మీ మిషను పట్టుకెళితే దొరుకుతాయా?" అని అడిగారు. నవ్వులాటకి కాదు, టికెట్ల ధరలు కూడా కనుక్కున్నారు. అందుకే ఇవాళ ఆ సంగతే.

సిరియం అంటే ఇప్పటి తన్లిన్. రంగూన్‌కి ఎదురుగా, బాగో నదికి ఆవలి ఒడ్డు. అక్కడి బర్మా ఆయిల్ కంపెనీ రిఫైనరీలో మన కోస్తా జిల్లాల వాళ్ళు బోలెడుమంది పనిచేశారు. మా తాత కూడా అక్కడే.

ముందు మిషను పద్ధతి చూడండి. చుట్టలోంచి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం నేలలోకి పోతుంది. లోహం తగిలితే దాంట్లో చిన్న కరెంటు సుడి తిరుగుతుంది. ఆ సుడి ఎంత ఆలస్యంగా చల్లారిందో చూసి మిషను ఒక అంకె చూపిస్తుంది. అంతే. అది లోహం పేరు కాదు. సన్నటి బంగారపు ఉంగరానికీ, కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగుకీ దాదాపు ఒకే అంకె రావచ్చు. గొలుసయితే మరీ కష్టం. మిషను గొలుసంతా ఒకటిగా చూడదు, ఒక్కో కడియాన్నీ విడిగా చూస్తుంది.

ఇప్పుడు ఆ చెంబు మాట. ఇత్తడి చెంబు గట్టిగా మోగుతుంది, నిజమే. కానీ మోగేది చెంబు. లోపల కాసులపేరుందో, మట్టి ఉందో మిషను ఒక్క ముక్క చెప్పలేదు.

పైగా తన్లిన్ నేలలో ఇనుము. 1942 మార్చిలో జపాన్ వాళ్ళు రంగూన్ చేరేముందు బ్రిటిష్ వాళ్ళే ఆ రిఫైనరీని పేల్చి తగలబెట్టారు. పెద్ద తుప్పురేకు చాలాసార్లు వెండిలా తియ్యగా పలుకుతుంది. నేనూ ఓసారి గాల్వెస్టన్ బీచ్‌లో ఆ తీపి విని, గంటసేపు తవ్వి, డ్రమ్ము మూత తీశాను. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని "మీ వెండి పళ్ళెం" అంటుంది. అప్పట్నించీ ఒక అలవాటు చేసుకున్నాను. మోగినచోట పక్కకి తిరిగి, అడ్డంగా ఇంకోసారి ఊపుతాను. రెండు వైపులా ఒకే అంకె, ఒకే చోట వస్తే తవ్వుతాను. ఒకవైపే పలికి రెండోవైపు గురగురమంటే, అంకె ఎగిరెగిరి పడితే, అది చాలావరకు ఇనుమే. ఉప్పునీళ్ళు తడిసిన ఇసుక కూడా కరెంటు పారనిస్తుంది కనక, అల అంచున ఏమీ లేకపోయినా మిషను వాగుతుంది. అక్కడ సెన్సిటివిటీ తగ్గించుకోవాలి.

ఇదే చిక్కు తన్లిన్ దగ్గర నదిలో ఇంకా పెద్దది. సిరియంని ఏలిన పోర్చుగీసు వాడు ఫిలిప్ ద బ్రిటో 1608లో ష్వేడగాన్ నుంచి ధమ్మజేది గంటని ఫిరంగులు పోయించడానికి ఎత్తుకొస్తుంటే, నదులు కలిసేచోట అది మునిగిపోయిందంటారు. బరువు 294 టన్నులని ప్రతీతి. ఎందరో వెతికారు, దొరకలేదు. కారణాల్లో ఒకటి చెబుతాను. నది అడుగు వెతికే మాగ్నెటోమీటరు ఇనుముకే స్పందిస్తుంది. కంచు గంట దానికి కనపడదు, పాత ఓడల తుక్కు కనపడుతుంది. కంచుని పట్టగల మన చేతి మిషనుకేమో నాణెం అడుగు లోతు దాటితే వినపడదు, బిందెంతది మీటరు దాటితే కష్టం. గంట ఉంటే ఎన్ని మీటర్ల బురద కిందో!

నేను 2014లో తన్లిన్ వెళ్ళాను, మిషను లేకుండానే. తాత ఉన్న లైనేదో చెప్పగలిగినవాళ్ళు దొరకలేదు. పెరడు ఎక్కడో తెలియకుండా ఊరంతా ఊపుతామా? పైగా 2015 చట్టం ప్రకారం అక్కడ పాతవస్తువు దొరికితే అధికారులకి చెప్పాలి. 2021 సైనిక తిరుగుబాటు తర్వాత ఇలాంటి సామాను పట్టుకుని దిగమని నేనెవరికీ చెప్పను.

ఇదంతా ఆవిడకి ఫోన్‌లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నగలొద్దులెండి, మా మామ్మ చెంబు ఒక్కటీ దొరికితే?" అన్నారు.

చెంబయితే మోగుతుందమ్మా, అడుగున్నర లోతులోపు ఉంటే.