ఈలతో పిలుచుకునే గుంపు.. నల్లమల రేచుకుక్క

వెల్దుర్తి: మండలానికి పడమటి దిక్కున విస్తరించిన నల్లమల అంచుల్లో గొర్రెలు, మేకలు మేపుకొనే కాపరులకు రేచుకుక్క పేరు వింటేనే గుండె జారుతుంది. మందలో ఒక జీవం తప్పిపోయినా నింద ముందుగా దానిమీదే పడుతుంది. అయితే ఈ జంతువు ఎలా జీవిస్తుందో తెలిసినవారు తక్కువ. అడవిలో ఇంత కట్టుబాటుతో కుటుంబ జీవనం సాగించే ప్రాణి అరుదు. ఆ కట్టుబాటే దానికి బలం. ఇప్పుడు అదే దానికి ముప్పుగానూ మారింది.

రేచుకుక్క ఊరకుక్కకు దూరపు బంధువే తప్ప అడవిపాలైన ఊరకుక్క కాదు. ఒళ్లు ఇటుక రంగులో, కుచ్చు తోక నల్లగా ఉంటుంది. బరువు 12 నుంచి 20 కిలోలు. ఊరకుక్కకు 42 పళ్లుంటే దీనికి 40 మాత్రమే. ఊరకుక్కలా మొరగదు, ఈల వేస్తుంది! దట్టమైన పొదల్లో వేటను తరుముతూ చెల్లాచెదురైన గుంపు తిరిగి కలుసుకోవడానికి ఈ ఈలే ఆధారం. ఒక్కో జంతువు ఈలకు ఒక్కో తీరు ఉంటుందని 1998లో వెలువడిన పరిశోధన తెలిపింది.

ఈల విషయంలో దీనికి సముద్రంలో ఒక జోడీ ఉంది. సీసామూతి డాల్ఫిన్లలో ప్రతిదానికీ సొంత ఈల ఉంటుందని 1965లోనే శాస్త్రవేత్తలు గుర్తించారు. అది దాదాపు పేరులాంటిది. ఆస్ట్రేలియాలోని షార్క్ బే తీరంలో మగ డాల్ఫిన్లు ఇద్దరు ముగ్గురుగా జట్టుకట్టి ఏళ్ల తరబడి ఆ స్నేహాన్ని నిలుపుకొంటాయి. అయితే డాల్ఫిన్ల గుంపు గంట గంటకూ విడిపోతూ, కలుస్తూ ఉంటుంది. తల్లీబిడ్డల బంధం మాత్రం మూడు నాలుగేళ్లు వీడదు. రేచుకుక్కల తీరు వేరు. వాటిది మన ఉమ్మడి కుటుంబం వంటిది.

దక్షిణ భారతంలో ఈ కుటుంబాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన ఘనత ఏ.జె.టి. జాన్‌సింగ్‌ది. 2024లో కన్నుమూసిన ఆయన, 1976-78 మధ్య కర్ణాటకలోని బందిపూర్ అడవుల్లో గుంపుల వెంట తిరిగి వివరాలు సేకరించారు. అక్కడ గుంపులో సగటున ఎనిమిది పెద్ద జంతువులు కనిపించాయి. సాధారణంగా వాటిలో ఒక్క ఆడదే ఈనుతుంది. చలికాలంలో గుహలోనో, బొరియలోనో పిల్లలు పుడతాయి. వాటిని సాకే బాధ్యత మాత్రం అందరిదీ. వేటకు వెళ్లినవి కడుపునిండా తిని వచ్చి, తల్లికీ, పిల్లలకూ మాంసాన్ని కక్కి పెడతాయి. పిల్లలకు కావలిగా ఒకటి రెండు బొరియ వద్దే ఉండిపోవడమూ కద్దు. పిల్లలు వేట వెంట రావడం మొదలయ్యాక, చచ్చిన జింక వద్ద మొదటి బంతి వాటిదే. పెద్దలు పక్కన నిలబడి తమ వంతు కోసం ఆగుతాయి. మనుషుల పెళ్లి విందుల్లోనూ ఇంత ఓర్పు కనిపించదు.

ఈ కలిసికట్టుతనం వల్లనే 15 కిలోల జంతువు తనకంటే ఎన్నో రెట్లు బరువున్న కణుజును పడగొట్టగలుగుతోంది. చంపే తీరు మాత్రం చూడ్డానికి దారుణంగా ఉంటుంది. పులిలా మెడ కొరికి ప్రాణం తీయదు, పరుగుతోనే పొట్ట చీలుస్తుంది. ఈ కారణంగానే బ్రిటిష్ కాలపు వేటగాళ్లు దీన్ని క్రూరజంతువుగా చిత్రించారు. చంపి తెచ్చిన వారికి ప్రభుత్వం బహుమానాలిచ్చేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఈ దురాచారానికి తెరపడింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం నేడు దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. మనిషి ఎదురైతే తప్పుకొని పోవడమే దీని నైజం. తమిళనాడులోని ముదుమలైలో కురుంబ గిరిజనులు వీటి వేట నుంచి మాంసం తెచ్చుకొన్న సందర్భాలు నమోదయ్యాయి.

ఊరకుక్కతోనే ముప్పు

నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడి, 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చింది. దాని నీడలో రేచుకుక్కలకూ చోటు దక్కింది. కానీ అడవి అంచు గ్రామాల్లో స్వేచ్ఛగా తిరిగే ఊరకుక్కలు మోసుకొచ్చే డిస్టెంపర్, రేబిస్ వ్యాధులను చట్టం అడ్డుకోలేదు. ఒకటి కక్కినది మరొకటి తిని, మూతులు నాకుతూ పలకరించుకునే గుంపులో ఒక్కదానికి జబ్బు సోకినా మిగతావి తప్పించుకోవడం కష్టం. 2018లో గుజరాత్‌లోని గిర్ సింహాల మరణాల్లో డిస్టెంపర్ పాత్ర ఉన్నట్లు తేలడం గమనార్హం.

విషం పెట్టడమూ ఇటువంటిదే. కళేబరంలో విషం కలిపితే తినేది ఒక్కటి కాదు, గుంపు మొత్తం. ఈనిన కాలమైతే బొరియలోని పిల్లలకు మేత తెచ్చేవారే మిగలరు. ఆపై గద్దలు, నక్కలు, ఒక్కోసారి కాపరి సొంత కుక్క కూడా దానికి బలవుతాయి.

జీవాన్ని పోగొట్టుకొన్న కాపరి ఆక్రోశం అర్థం చేసుకోదగినదే. ఏడాది కష్టం ఒక్క పూటలో పోతుంది మరి. అయితే చంపింది ఏదో ముందు తేల్చుకోవాలి. గొంతుపై లోతైన కాట్లు ఉండి, కళేబరాన్ని ఈడ్చుకుపోయిన జాడ ఉంటే చిరుతను అనుమానించవచ్చు. పట్టపగలు పిరుదులు, పొట్ట భాగం చీల్చి ఉంటే రేచుకుక్కలో, ఊరకుక్కలో కావచ్చు. ఈ రెండింటి కాట్లను వేరుచేయడం అనుభవజ్ఞులకూ సులువు కాదు. కాబట్టి కళేబరాన్ని కదపకుండా, చుట్టూ ఉన్న అడుగుజాడలు చెరగకుండా చూసి అదేరోజు అటవీ సిబ్బందికి కబురు చేయాలి. పరిహారం కోరడానికీ ఆ పరిశీలనే ఆధారమవుతుంది. మంద వెంట తిరిగే కుక్కలకు పశువైద్యశాలలో ఏటా టీకా వేయిస్తే కాపరికీ మేలు, కొండమీది గుంపుకూ మేలు.