రోలు చప్పుడుతోనే వంటకు శ్రీకారం!

పొయ్యి వెలిగించకముందే అక్కడ వంట మొదలవుతుంది... రోట్లో! నిమ్మగడ్డి, పచ్చిపసుపు, వెల్లుల్లి ఒక్కొక్కటిగా పడుతుంటాయి. రోకలి దెబ్బ ఆగదు. చివరికి ఘుమఘుమలాడే ముద్ద తయారవుతుంది. దాని పేరే ‘క్రుయెంగ్’. కంబోడియావాళ్లు మాట్లాడే ఖ్మేర్ భాషలో ఈ మాటకు దినుసులని అర్థం. పులుసైనా, కూరైనా, నిప్పుల మీద కాల్చే మాంసమైనా... వాళ్ల వంటల్లో చాలావాటికి రుచి ఇక్కణ్నుంచే రావాలి.

మన గరం మసాలాకీ దీనికీ పోలికే లేదు. లవంగాలు, దాల్చినచెక్క లాంటి ఎండు దినుసులకు ఇందులో పెద్దగా చోటుండదు. దుంపలు, ఆకులు, తొక్కలు... దాదాపు అన్నీ పచ్చివే. నిమ్మగడ్డిది పెద్దపీట. తర్వాత అల్లానికి దగ్గరి చుట్టమైన దుంపరాష్ట్రం (మన ఆయుర్వేద దుకాణాల్లో ఎండబెట్టి అమ్మేది అదే), పసుపుదుంప, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు. వీటికి తోడు గరుకు తొక్క ఉండే ఓ రకం నిమ్మకాయ. రసంతో పనిలేదు, తొక్కా ఆకులే కావాలి!

అన్నీ కలిపి ఒకేసారి దంచేస్తే కుదరదు. దానికో వరస ఉంది. పీచు ఎక్కువగా ఉండే నిమ్మగడ్డిని సన్నగా చక్రాల్లా తరిగి ముందు నూరాలి. ఆ తర్వాత దుంపలు. నీరూరే ఉల్లి, వెల్లుల్లి ఆఖరున. అవి ముందే పడితే రోలంతా తడిసి, పీచు నలక్కుండా జారిపోతుంది. మరి మిక్సీ ఎందుకు వాడకూడదూ అంటారా? వాడుతున్నారు. కాకపోతే అది తిరగాలంటే కాసిని నీళ్లు పోయాలి. దాంతో ముద్ద పల్చనై, నూనెలో వేగాల్సింది కాస్తా ఉడుకుతుంది. రుచి తేడా అక్కడే!

రంగును బట్టి ప్రధానంగా మూడు రకాలు. నిమ్మగడ్డి ఆకులు కలిపితే ఆకుపచ్చ, కాడలూ పసుపూ ఎక్కువైతే పసుపుపచ్చ, నానబెట్టిన ఎండుమిర్చి వేస్తే ఎరుపు. ఎరుపనగానే కళ్లలో నీళ్లు తిరుగుతాయనుకోవద్దు. ఖ్మేర్ వంటల్లో కారం తక్కువే. ఈ ముద్దను కొబ్బరిపాలలో కలిపి, చేపముక్కలతో అరటాకు దొన్నెలో పెట్టి ఆవిరి మీద ఉడికించేదే ‘అమోక్’. కంబోడియా పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే వంటకమిది.

ఇంతటి విద్యకూ చాలా ఇళ్లల్లో కాగితం మీద కొలతలుండేవి కావు. అమ్మ నూరుతుంటే కూతురు చూసి నేర్చుకోవడమే. ఆ గొలుసు 1975లో తెగింది. ఆ ఏడాది ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ సేనలు రాజధాని నోమ్‌పెన్‌ను చేజిక్కించుకుని, జనాన్ని పొలాలకు తరిమాయి. కొంతకాలానికి సామూహిక భోజనశాలలు వచ్చాయి. ఇంట్లో వండుకోవడం నేరమైంది. గిన్నెలూ చట్లూ లాగేసుకున్నారు. రోజంతా చాకిరీ చేసినవాళ్లకు దక్కింది మెతుకులు వెతుక్కోవాల్సిన గంజి. 1979 జనవరిలో ఆ పాలన కూలేనాటికి ఆకలితో, రోగాలతో, హత్యలతో సుమారు 17 లక్షల మంది పోయారు. వాళ్లతోపాటు ఎన్ని ఇళ్ల చేతివాటం పోయిందో లెక్కతేల్చేదెవరు?

తప్పించుకున్నవాళ్లలో కొందరు శరణార్థులుగా అమెరికాలోని లాంగ్‌బీచ్, లోవెల్ నగరాలకు చేరి అక్కడే రోళ్లు పెట్టుకున్నారు. కంబోడియాలోనే ఉన్న రోతనక్ రోస్ అనే వంటనిపుణురాలు మరో పనికి పూనుకున్నారు. అందరూ ‘చెఫ్ నక్’ అని పిలిచే ఆమె ఊళ్లు తిరిగి, పెద్దవాళ్లు ఎలా వండేవారో అడిగి తెలుసుకున్నారు. ‘న్హుమ్’ పేరుతో వంటల పుస్తకం తెచ్చారు. తర్వాత 2023లో రాజకుటుంబాల వంటకాలతో ‘సావోయ్’ వెలువరించారు.

నోమ్‌పెన్ బజార్లలో ఇప్పుడు నూరి ఉంచిన క్రుయెంగ్‌ను తూకానికి అమ్ముతారు. సాయంత్రం పని నుంచి ఇంటికెళ్లేవాళ్లకు అదో వెసులుబాటు. పెళ్లిళ్లకూ పండగలకూ మాత్రం చాలాచోట్ల రోలు బయటికొస్తుంది. అయినా ఇద్దరు నూరితే రెండు రుచులు. ఒకరు వెల్లుల్లి మరో నాలుగు రెబ్బలు వేస్తారు, ఇంకొకరు దుంపరాష్ట్రం తగ్గిస్తారు. ఎందుకని అడిగితే వచ్చే జవాబు మనకూ తెలిసిందే... ‘మా అమ్మ అలాగే చేసేది’!