కారు ప్రయాణములో పెంపుడు ప్రాణులు

గత వేసవిలో మేము హైదరాబాదు నుండి గుంటూరునకు పెండ్లికై కారులో బయలుదేరితిమి. మా పెంపుడు కుక్కను ఇంట నొంటిగా విడుచుటకు మనసొప్పక వెంట తీసికొనిపోతిమి. దారిలో పండ్లు కొనుటకు దిగుచు, "ఐదు నిమిషములే గదా" యని దానిని లోపలనే యుంచి, అద్దములు రెండంగుళములు దించి తలుపులు వేసితిమి. బేరములలో పావుగంట గడచినది. తిరిగి వచ్చునప్పటికి ఆ మూగజీవి నాలుక వ్రేలవేసి, చొంగ కార్చుచు, నిలువలేక తూలుచుండెను. వెంటనే నీరు పోసి, పశువైద్యుని యొద్దకు కొనిపోగా ప్రాణము దక్కినది. తప్పు మాదే. మరియొక యింట నట్టిది జరుగకుండవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మనకు వేడి తగిలినచో ఒడలెల్ల చెమర్చి చల్లబడును. కుక్కకు పాదములయందు తప్ప అట్టి చెమట లేదు. రొప్పుటయే దానికి ముఖ్యాధారము. చుట్టునున్న గాలియే కాగిపోయినప్పుడు ఎంత రొప్పినను ఫలము స్వల్పము. ఎండలో నిలిపిన కారులోపల పది నిమిషములకు సుమారు 10 డిగ్రీలు, అరగంటకు సుమారు 19 డిగ్రీల సెంటిగ్రేడు వేడి పెరుగునని పరీక్షలవలన తేలినది. అద్దము కొంచెము దించుటవలన గలుగు మేలు బహు తక్కువ. బయట 40 డిగ్రీలున్ననాడు లోపల నెట్లుండునో యూహింపుడు. కుక్క యొక్క సహజమైన దేహోష్ణము 38 మొదలు 39 డిగ్రీల వరకు ఉండును. 41 దాటినచో ప్రాణాపాయము. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు ముప్పు మరింత శీఘ్రముగా వచ్చును. రోహిణీకార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పిన దేశములో, చెట్టునీడ నైనను నమ్మరాదు, నీడ కదలిపోవును. కావున ఒకరు దిగినచో నొకరు తోడుండి తీరవలెను. అట్లు వీలుకానిచో దానిని ఇంటివద్దనే నమ్మకస్థులకు అప్పగించుట మేలు.

ఇక కారు నడచునప్పటి మాట. హఠాత్తుగా బ్రేకు వేసినచో కారు ఆగునే గాని లోపలి ప్రాణి అదే వేగముతో ముందునకు విసరివేయబడును. అది దానికిని, మనకును అపాయమే. ఒడిలో కూర్చుండబెట్టుకొనుట ముద్దుగా దోచును గాని, ముందు సీటులో ఎయిర్‌బ్యాగు తెరచుకొన్నచో ఆ దెబ్బకు చిన్నప్రాణి నిలువజాలదు. కుక్కను వెనుక సీటులో నుంచి, రొమ్మునకు తొడుగు పట్టీని సీటుబెల్టునకు తగిలింపవలెను. మెడపట్టీకి తగిలించుట తగదు. కుదుపునకు మెడ నలుగును. పిల్లిని గాలి యాడు గట్టి పెట్టెలో నుంచి, పెట్టెను కదలకుండ బిగింపవలెను. తల కిటికీ వెలుపల పెట్టనిచ్చినచో దుమ్మును, రాళ్లును కన్నులలో పడును.

బయలుదేరుటకు మూడు నాలుగు గంటలు ముందుగానే ఆహారము పెట్టుట మంచిది. నిండుకడుపు వాంతికి దారితీయును. నీరు మాత్రము వెంట నుంచుకొని రెండు గంటల కొకమారు ఆపి త్రాగింపవలెను. తలుపు తెరచుటకు ముందే గొలుసు చేత పట్టుకొనుడు. మెడపట్టీపై మన టెలిఫోను నెంబరును, సంచిలో టీకాల కాగితమును ఉండవలెను. కొత్త ప్రాణిని ముందు కొలదిదూరము త్రిప్పి అలవాటు చేయుట యుక్తము.

ఒకవేళ వడదెబ్బ తగిలినచో, మొదట నీడకు చేర్చి, ఒడలెల్ల చల్లని నీరు ధారాళముగా పోసి, విసరుడు. స్పృహలేని ప్రాణికి నోట నీరు పోయరాదు. చల్లబరచుచునే పశువైద్యుని యొద్దకు కొనిపొండు. తేరుకొన్నట్లు కనబడినను చూపింపక మానరాదు.

ప్రాణులకు అనవసరమగు బాధ కలుగునట్లు వాహనములలో తీసికొనిపోవుట 1960వ సంవత్సరపు చట్టము ప్రకారము నేరము. చట్టమున కంటెను ముందు, ఆ ప్రాణి మనలను నమ్మి కారెక్కినదన్న సంగతి జ్ఞప్తియందుండవలెను. ప్రయాణపు సంచి సర్దునది తరచుగా మనమే గావున, బిడ్డల పాలసీసాతోపాటు దాని నీటిగిన్నెను సర్దుట మరువకుందము.