తెలుఁగునాటఁ జాంబీ

తెలుఁగు కథలలోని దయ్యము దేహమును గోల్పోయిన ప్రాణము; హైతీ జనశ్రుతిఁ బుట్టిన జాంబీ ప్రాణమును గోల్పోయిన దేహము. ఆ దేహములను నరమాంసభక్షకమగు గుంపుగా వెండితెరపైఁ జూపినది 1968లో జార్జి రొమేరో స్వల్పధనముతోఁ దీసిన చిత్రము. 2021 ఫిబ్రవరి 5వ తేదీని విడుదలయిన ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ యా గుంపును గర్నూలు సీమకు రప్పించెను. కొఱుకుటచే వ్యాపించు తెగులునకు, మన చిత్రములు చిరకాలముగాఁ జూపుచున్న కక్షల పల్లెకంటెఁ దగిన తావు లేదు; పగయు నిట్లే సంక్రమించును గదా!

2020లో పేరు ప్రకటింపఁబడఁగానే, యిది తమ కులమునకుఁ గించపాటని కొందఱాక్షేపించిరి; ఎవ్వరిని న్యూనపఱుచుటయుఁ దన యుద్దేశము కాదని దర్శకుఁడు సమాధానము చెప్పెను. బ్రహ్మరాక్షసుఁడను మాటకు నలవడిన చెవులకు నీ జోడింపు కటువయ్యెఁ గాఁబోలు. అయినను, కోవిడ్ భయము తీఱని యా దినములలో హాస్యముతోఁ గలిసి వచ్చిన యీ భీతిని జనులాదరించిరి.