పాత మోటారుకారు ధ్వనులు: వానిని పరీక్షించు విధము

మోటారుకారులో ఇంజిను పుట్టించు బలము చక్రములను చేరులోగా అనేక భాగములను దాటిపోవలసియున్నది. క్లచ్చి, గేరుపెట్టె, ప్రొపెల్లరు షాఫ్టు, దాని రెండు కొనలయందలి కీళ్లు, వెనుక ఇరుసు నడుమ నుండు డిఫరెన్షియలు, చక్రముల బేరింగులు, ఇది ఆ బలము నడచు మార్గము. బండి పాతబడిన కొలది ఈ మార్గమున ఎచ్చటనో యొకచోట చప్పుడు బయలుదేరుట సహజము. దానిని బాగుచేయుట కంటె అది పుట్టినచోటు కనుగొనుటయే కష్టము. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవు ధ్వని ఉక్కులో సుమారు 5,000 మీటర్లు పోవునని పై తరగతుల విద్యార్థులు చదివియేయున్నారు. కావున వెనుక చక్రమున పుట్టిన మ్రోత, ముందు కూర్చున్నవాని పాదములక్రిందనే పుట్టినట్లు తోచును. చెవి యొక్కదానిని నమ్మినవాడు మోసపోవును.

ఉదాహరణమునకు అంబాసిడరు కారును తీసికొందము. ఇది బ్రిటిషువారి మోరిసు ఆక్సుఫర్డు మూడవ శ్రేణి నమూనాననుసరించి, బెంగాలులోని ఉత్తరపాడా కర్మాగారమున 1958 మొదలు 2014 వరకు తయారైనది. తయారీ నిలిచిపోయినను, పాత బండ్లను కాపాడుకొనువారు మన ఊళ్లలో నేటికిని కలరు. దీని ఇంజిను ముందు, నడుపబడు చక్రములు వెనుక నుండుటచేత, పైని చెప్పిన భాగములన్నియు ఇందు విడివిడిగా కనబడును. నేటి చిన్నకార్లలో అనేకములకు ముందు చక్రములే నడుపబడును గనుక వానికి ప్రొపెల్లరు షాఫ్టే లేదు. నేర్చుకొనగోరువానికి పాతబండియే మేలైన బడి.

మన విద్యార్థుల తండ్రులలో ఒకరికి ఇట్టి కారే జీవనాధారము. అది గంటకు నలువది కిలోమీటర్ల వేగమునకు రాగానే మూలుగుట కారంభించెను. ఒక షెడ్డులో డిఫరెన్షియలు అరిగినదని చెప్పి దానిని మార్చిరి. మూలుగు మానలేదు. పిదప వేరొక మేస్త్రీ కుడివైపు వెనుక చక్రపు బేరింగును మార్చగా మానినది. మొదట అయిన ఖర్చు బిడ్డ యొక్క ఏటి ఫీజుకంటె ఎక్కువ. ఆ మొదటి మేస్త్రీని దొంగయని నేననను. ఆయన చప్పుడును విని దానికొక పేరు పెట్టెనేగాని, అది ఎప్పుడు హెచ్చుచున్నదో, ఎప్పుడు తగ్గుచున్నదో విచారింపలేదు. చప్పుడు ఎట్లున్నదని గాక, ఏమి చేసినప్పుడు మారుచున్నదని అడుగవలెను. పరీక్షయంతయు ఈ ప్రశ్నయందే యున్నది.

మొదట తెలియవలసినది, ఆ ధ్వని ఇంజిను వేగముననుసరించునా, బండి వేగముననుసరించునా యనునది. జనసంచారములేని సమమైన రోడ్డుపై టాపుగేరులో నలువది కిలోమీటర్ల వేగమున నడిపి వినవలెను. పిదప అదే వేగమున మూడవ గేరులో నడిపి వినవలెను. రెండవసారి ఇంజిను త్వరగా తిరుగును, కాని గేరుపెట్టెకు వెనుకనున్న భాగములు మునుపటివలెనే తిరుగును. ధ్వని స్థాయి మారినచో లోపము ఇంజిను, క్లచ్చి, గేరుపెట్టెల వైపున, మారనిచో వెనుకవైపున ఉండును. తరువాత ఇంజినును ఆపకయే న్యూట్రలులో వేసి బండిని దొర్లనీయవలెను. తాళపుచెవిని త్రిప్పి ఇంజినును ఆపుట మాత్రము కూడదు. కొన్ని బండ్లలో స్టీరింగు బిగిసిపోవును, బ్రేకు బరువెక్కును.

కొంచెము లెక్క కూడ ఇచ్చట పనికివచ్చును. ఈ కారు చక్రము ఒకసారి తిరిగినచో బండి సుమారు రెండు మీటర్లు సాగును. గంటకు 60 కిలోమీటర్లనగా సెకనుకు 16 మీటర్లకు పైచిలుకు. కావున చక్రము నిమిషమునకు సుమారు 500 సార్లు తిరుగును. ప్రొపెల్లరు షాఫ్టు చక్రముకంటె నాలుగింతలకు మించి తిరుగును గనుక దాని భ్రమణములు రెండువేలు దాటును. బండిని మిక్కిలి మెల్లగా నడుపుచు, చక్రము ఒక్కొక్క చుట్టునకు ఒక్కొక్కసారి 'టక్కు' మన్నచో అది చక్రమునకు సంబంధించినది. ఒక్క చుట్టులో నాలుగైదుసార్లు 'కీచు కీచు' మన్నచో షాఫ్టు కీలును అనుమానింపవలెను.

క్లచ్చి, గేరుపెట్టెల విషయము సులభము. బండి నిలిచి, ఇంజిను తిరుగుచున్నప్పుడు క్లచ్చి తొక్కగానే కీచుమన్నచో దాని త్రస్టు బేరింగు అరిగినది. అట్లుగాక, తొక్కగానే మ్రోత ఆగినచో లోపము గేరుపెట్టె లోపలి బేరింగులది. తక్కిన గేర్లలో అరచుచు టాపుగేరులో మాత్రము నిమ్మళించినచో, క్రింది లేషాఫ్టును పరీక్షింపవలెను. టాపుగేరులో బలము దానిగుండ పోదు.

ఇక ప్రొపెల్లరు షాఫ్టు. దాని కీలు నాలుగు కొనల సిలువవంటి ఉక్కుముక్క. మేస్త్రీలు దీనిని క్రాసందురు. కొనలకు సూదులవంటి సన్నని రోలర్లుగల మూతలుండును. దీనికి హుక్కు కీలని పేరు. మీరు స్ప్రింగును గూర్చి చదువు సూత్రమును కనుగొనిన 17వ శతాబ్దపు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్కే ఈయన. గ్రీజు ఎండినప్పుడు ఈ కీలు మెల్లని వేగమున కిచకిచలాడును. అరిగినప్పుడు, బండి కదలునపుడును, ముందుకును వెనుకకును మారునపుడును 'ఠక్కు' మనును. మూతల చుట్టు ఎఱ్ఱని తుప్పుపొడి కనబడెనేని వేరు సాక్ష్యమక్కరలేదు. షాఫ్టును చేతబట్టి అటునిటు త్రిప్పినప్పుడు క్రాసునకును దాని చెవులకును నడుమ కదలిక యుండరాదు. డిఫరెన్షియలు పళ్ల సందువలన షాఫ్టు కొంచెము ఆడుట దోషముకాదు.

ఈ చప్పుడును వాయిదావేయరాదు. ముందుకీలు విరిగినచో షాఫ్టు కొన రోడ్డుపై పడి, పరుగెత్తు బండిని ఎత్తివేయగలదు. డిఫరెన్షియలు చేయు సన్నని సమమైన ఊళ, నూనె సరిగానున్నచో, ఏండ్లకొలది అట్లేయుండవచ్చును. జనులు సాధారణముగా పెద్దగా వినబడు ఊళకు భయపడి, అప్పుడప్పుడు వినబడు 'ఠక్కు'ను లెక్కచేయరు. అది తలక్రిందుల లెక్క.

కీలు మార్చిన పిదప బండి క్రొత్తగా వణకుట అనేకుల అనుభవము. ఇందుకు కారణము కలదు. వంగిన హుక్కు కీలు సమవేగమున బలమునందీయజాలదు. ఒక్కొక్క చుట్టులో రెండుమారులు వేగము కొంచెము హెచ్చి తగ్గును. రెండవ కీలు ఆ హెచ్చుతగ్గులను సరిచేయును. కాని షాఫ్టు రెండు కొనలయందలి చెవులు ఒకే వరుసలో నున్నప్పుడే ఇది జరుగును. పళ్లుగల జారుడు భాగమును ఒక్క పన్ను తప్పించి కూర్చినను వణకు పుట్టును. కావున విప్పకమునుపే రెండు భాగములపై రంగుతో గీత గీయవలెను. పైసలలో పోవు రంగు, నూర్ల రూపాయల పనిని కాపాడును.

డిఫరెన్షియలునకును చక్రపు బేరింగునకును భేదము తెలిసికొనుటయే పైని చెప్పిన తండ్రికి కావలసియుండినది. కిరౌను, పినియను పళ్ల మూలుగు బరువుననుసరించి మారును: యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఒకరీతి, వదలినప్పుడు వేరొకరీతి. బేరింగు గుర్రు ఆ భేదమునెరుగదు. బండి వేగముతోడనే హెచ్చును. కాని వంపులలో మారును. బండి ఎడమకు తిరుగునపుడు బరువు కుడిచక్రములపై బడును. అప్పుడు గుర్రు హెచ్చినచో కుడి బేరింగును చూడవలెను. మలుపులలో మాత్రమే కటకటమన్నచో డిఫరెన్షియలు లోపలి చిన్నపళ్లు కారణము కావచ్చును. రోడ్డు గరుకునుండి నునుపునకు మారగానే మారు హోరు టైర్లది. దానికి ఏ షెడ్డునకును పోనక్కరలేదు.

వీనియన్నిటికి ముందుగా చక్రపు నట్లు, కమాను కట్టలను ఇరుసునకు బిగించు యూబోల్టులు, సైలెన్సరు గొట్టము, ఈ మూడింటిని చూచుట మంచిది. వదులైన నట్టు చేయు చప్పుడు అరిగిన కీలు చప్పుడువలెనే యుండును. అలక్ష్యము చేసినచో చక్రమే ఊడును.

ఫ్రెంచి వైద్యుడు లెన్నెక్కు 1816లో కాగితమును చుట్టచుట్టి రోగి గుండెపై నుంచి వినెను. స్టెతస్కోపు అట్లు పుట్టినది. మేస్త్రీ పొడుగైన స్క్రూడ్రైవరు కొనను బేరింగు పెట్టెపై నుంచి పిడిని చెవికానించుటయు అదే పద్ధతి. అయితే తిరుగుచున్న భాగములదరికి కఱ్ఱయు, చేయియు, వస్త్రపు చెంగును పోరాదు. విద్యార్థులకు గట్టిగా చెప్పుచున్నాను: జాకీ యొక్కదానిపై నిలిచిన బండిక్రిందికి ఎన్నడును పోకుడు. ఇనుప స్టాండ్లు ఇరుసు క్రింద నుంచి, నేలనున్న చక్రములకు ముందు వెనుకల చెక్కముక్కలడ్డుపెట్టిన పిదపనే పని. ఒక్క వెనుక చక్రమునే లేపి, ఇంజినుతో గేరులో త్రిప్పుట మరియొక ప్రమాదము. నేలనున్న రెండవ చక్రము పట్టుకొన్నచో బండి జాకీనుండి దూకును.

తుదకు నూనె. డిఫరెన్షియలునకు హైపాయిడు గేరునూనెయే పోయవలెను. ఇంజిను నూనె ఆ పళ్ల ఒత్తిడికి నిలువదు. పాతనూనెను శుభ్రమైన పళ్లెములో దింపి వెలుతురున చూడుడు. సన్నని బూడిదరంగు ముద్ద సహజమైన అరుగుదల, మెరయు ఉక్కుపెంకులు కనబడినచో బండిని నడుపరాదు. క్రొత్తనూనెను బండి సమముగానున్నప్పుడు మట్టపు రంధ్రమువరకే పోయవలెను. దానికి మించినది సీళ్లను దాటి బ్రేకుడ్రమ్ములలోనికి పోవును. పని ముగిసిన పిదప మొదట పరీక్షించిన రోడ్డుననే, అదే వేగమున, అదే గేరులో మరల నడిపి వినవలెను.