తాత పావతీ పారెయ్యకండి

ఖోలీ ఎట్లా వెతుక్కోవాలో, నల్లా నీళ్లు ఏ వేళకు పట్టుకోవాలో ఈ సంచిక చదివేవాళ్లలో ఎవరికీ నేర్పక్కర్లేదు. అర్జీలు, అఫిడవిట్లు రాసిపెట్టడం నా పని గనక కాగితాల గురించి రాయమని కమిటీవాళ్లు అడిగారు. అందులోనూ ఒక్క సంగతే రాస్తాను. మనవాళ్ల ఇళ్లను ఎక్కువగా ముంచుతున్నది అదే.

మనం ఉంటున్న చోట్లన్నీ ఇప్పుడు కూలి మళ్లీ లేస్తున్నాయి. వర్లీ బీడీడీ చాళ్లలో 160 అడుగుల ఖోలీలో సంసారాలు ఈదినవాళ్లకు 2025 ఆగస్టులో 500 అడుగుల ఫ్లాట్ల తాళాలు చేతికి రావడం మొదలైంది. ధారావిలో ఇంటింటి సర్వే నడిచింది. 2000 జనవరి 1కి ముందు నుంచీ కింది అంతస్తులో ఉన్నట్టు రుజువు ఉంటే అక్కడే 350 అడుగుల ఇల్లు అంటున్నారు. కామాఠిపుర గల్లీలన్నిటినీ కలిపి తిరిగి కట్టే పథకం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది. ఇల్లు మారుతున్నామనగానే అటక మీది రేకుపెట్టె కిందికి దిగుతుంది. పసుపుపచ్చబడిన అద్దె పావతీలు, మిల్లు బద్లీ కార్డు, చిరుగుల రేషన్ కార్డు చూసి, ఇవెందుకు దండగ అని భంగార్‌వాడి తూకంలో వేస్తారు. పిల్లకు పన్నెండో తరగతి అయ్యేదాకా వాటి ఖరీదు తెలియదు.

మహారాష్ట్రలో కులం సర్టిఫికెట్‌కు తేదీల లెక్క ఉంది. ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబరు 6, విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21, ఓబీసీ, ఎస్‌బీసీలకు 1967 అక్టోబరు 13. మీ తండ్రో తాతో ఆ తేదీ నాటికే ఈ రాష్ట్రంలో కాపురం ఉన్నట్టు కాగితం చూపాలి. తర్వాత వచ్చినవాళ్లకు, తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన సర్టిఫికెట్‌ను బట్టి వలసదారుల పత్రం ఇస్తారు. ఇక్కడి కాలేజీ సీట్లకు, రాష్ట్ర సర్కారు కొలువులకు అది చెల్లదు. ఈ కత్తి ఒక తెలుగు పిల్లవాడి మీదే పడింది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి వచ్చి ఇక్కడే చదివిన అబ్బాయి సేఠ్ జీ.ఎస్. మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగాడు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కుదరదంది: ఒక రాష్ట్రపు జాబితాలోని హోదా పొట్టకూటికి వేరే రాష్ట్రం పోయినవాడి వెంట రాదు.

అంటే డెబ్బైల కరువుకు వచ్చిన ఇంటికి దారి మూసుకున్నట్టే. మిగతావాళ్లలో చాలామందికి దారి ఉంది, చూపడానికి కాగితం లేదు. కామాఠిపుర అన్న పేరే మన కూలీల వల్ల వచ్చింది గదా. రాళ్లు మోసి ఈ నగరాన్ని నిలబెట్టినవాళ్ల మనవళ్లు మేం ఇక్కడివాళ్లమేనని రుజువులు వెతుక్కోవాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కాగితం ఉన్నా మరో చిక్కు, పేరు. మా తాత సంగతే చూడండి. అద్దె పావతీలో ‘రాజన్న కామాఠీ’, మిల్లు కార్డులో ‘రాజయ్యా నర్సయ్యా’, రేషన్ కార్డులో ‘రాజారామ్ నరసింహ’. మా నాన్న బడి దాఖలాలో తండ్రి పేరు గడిలో వట్టి ఇంటిపేరు. రాసేవాడికి మన పేరు నోరు తిరగలేదు, మనవాళ్లకు రాసింది చదవడం రాలేదు. మా నానమ్మ లచ్చవ్వ అయితే ఏకంగా లక్ష్మీబాయి అయిపోయింది. ఇది కొత్త జబ్బేమీ కాదు. 1873లో ఫూలే స్థాపించిన సత్యశోధక్ సమాజ్‌కు బొంబాయిలో అండగా నిలిచిన తెలుగు కాంట్రాక్టరు చరిత్రలో వ్యంకు బాళాజీ కాళేవార్‌గానే మిగిలాడు. అంతటి పెద్దమనిషి పేరే మరాఠీ వేషం కట్టాక కూలివాడి పేరు ఎంత! ఇక కులం గడిలో మనవాళ్లందరికీ ‘కామాఠీ’ అనో ‘తెలంగీ’ అనో రాసి చేతులు దులుపుకున్నారు.

మా అమ్మాయి దరఖాస్తు ఒక కచేరీ నుంచి వెనక్కి వచ్చింది ఇందుకే. రాజన్న, రాజయ్య, రాజారామ్ ముగ్గురు మనుషులట. గుమాస్తాకు కోపం లేదు, తొందరా లేదు. ఎర్ర సిరాతో మూడు పేర్ల కిందా గీతలు గీసి ఫైలు కిటికీలోంచి తోశాడు. అడ్మిషన్ గడువు ఆయనది కాదు గదా.

ఆ ఫైలు గట్టెక్కింది మా పెద్దనాన్న వల్ల. తండ్రివైపు రక్తసంబంధీకుల కాగితాలు కూడా చెల్లుతాయి, వంశావళి అఫిడవిట్ జతచేస్తే. పెద్దనాన్న మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివాడు. బడి జనరల్ రిజిస్టరులో ఆయన పేరు, తండ్రి పేరు, కులం, చేరిన తేదీ, అన్నీ 1967కు ముందువే, శుభ్రంగా దొరికాయి. మన పంతుళ్లు రాయించారు గనక పేర్లు మన పేర్లలాగే ఉన్నాయి. అందుకే ఇంట్లో బడికి పోయిన పెద్దవాళ్లు ఎవరో ముందు అడగండి. బడి మూతపడినా రిజిస్టరు ఎక్కడికి చేరిందో మునిసిపల్ విద్యాశాఖలో విచారించండి. ఇక్కడే పుట్టినవాళ్లవి, పోయినవాళ్లవి జనన మరణ రిజిస్టరు నకళ్లు వార్డు ఆఫీసులో అడగవచ్చు.

ఒక్క మాట మాత్రం దండం పెట్టి చెబుతున్నా. పాత కాగితం మీద పెన్ను పెట్టకండి. తప్పు పడింది గదా అని ‘రాజన్న’ను ‘రాజయ్య’గా దిద్దితే అది ఇక పాత కాగితం కాదు, అనుమానపు కాగితం. పరిశీలన సమితి, అదే పడతాళణీ, ముందుకు పోయాక కులం నిరూపించే భారం చట్టప్రకారం మనదే. దిద్దుబాటు కనబడితే మంచి కాగితాలకూ మచ్చ అంటుతుంది. పేర్ల తేడాను విడిగా అఫిడవిట్‌లో ఒప్పుకోండి: ఫలానా మూడు పేర్లూ ఒకే మనిషివని. బతికున్నవాళ్ల పేరు మార్చాలంటే మహారాష్ట్ర గెజిట్‌లో వేయించుకోవచ్చు. లామినేషన్ కూడా వద్దు, పెళుసెక్కిన కాగితం ఆ వేడికి పాడవుతుంది. వానాకాలం గోడ చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పెట్టెను ఎత్తు మీద ఉంచండి.

పెట్టె అడుగున తెలుగు ఉత్తరాలు కూడా ఉంటాయి. ఊరి నుంచి వచ్చిన కార్డు మీద గల్లీ నంబరు, తపాలా ముద్ర, తేదీ ఉంటాయి. అధికారి దాన్ని ఒక్కదాన్నే నమ్మకపోవచ్చు. కానీ తాత ఏ ఏట, ఏ చాళ్‌లో దిగాడో, ఎవరి ఇంట్లో తలదాచుకున్నాడో అది చెబుతుంది, ఏ రిజిస్టరు వెతకాలో తేలుతుంది. మా ఇంట్లో ఆ కార్డులు చదవగలిగింది నేనొక్కణ్నే. మా అమ్మాయి మరాఠీ, హిందీ, ఇంగ్లీషు గడగడా చదువుతుంది. ముత్తాతకు వచ్చిన ఉత్తరం ముందు మాత్రం నిరక్షరాస్యురాలు. పండక్కి బతుకమ్మ ఆడించడంతో సరిపెట్టకుండా సెలవుల్లో పిల్లలకు గుణింతాలు కూడా దిద్దించండి. మీరు నేర్పకపోతే మరో పదేళ్లకు ఆ ఉత్తరాలు చదివిపెట్టేందుకు కూడా నాలాంటివాడి దగ్గరికి రావలసి వస్తుంది.

మిల్లు కార్డు దొరికినవాళ్లు దాన్ని వేరే దాచండి. 1982 జనవరి 1న, ఆ తర్వాత మిల్లు హాజరుపట్టీలో ఉన్న కార్మికుల వారసులకు మ్హాడా ఇళ్ల పథకంలో అది పనికొస్తుంది. అనుమానం ఉన్నవాళ్లు ఆదివారం పొద్దున సంఘం హాలుకు రండి, చూసిపెడతాను. ఒరిజినళ్లు తేవద్దు, జిరాక్సులు చాలు.