పాత కారుకి కొత్త సెల్ఫ్ మోటార్: వైర్లు కలిపే ముందు చూసుకోవాల్సినవి ఇవే

చాలా ఇళ్లలో దాదా కొన్న కారో, అబ్బా నడిపిన కారో ఇప్పటికీ షెడ్డులో ఉంటుంది. అమ్మడానికి మనసు రాదు. బాగు చేయిస్తే పండక్కో, పెళ్లికో ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చు. ఇలాంటి కార్లలో తరచూ మొరాయించేది సెల్ఫ్ మోటార్. కొత్తది తెచ్చి రెండు బోల్టులు బిగించి, రెండు వైర్లు కలిపితే పని అయిపోతుందనిపిస్తుంది.

కానీ ఆ కారు కరెంటు పనిని ఇంతకుముందే ఎవరో మార్చి ఉంటే లెక్క వేరు. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టి ఉండొచ్చు, ఎర్త్ తిప్పి ఉండొచ్చు. అప్పుడు కంపెనీ పుస్తకంలోని వైరింగ్ బొమ్మ ఒకటి చెబుతుంది, బోనెట్ కింద ఇంకొకటి ఉంటుంది. పైగా బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కి వెళ్లే లావు కేబుల్‌కి సాధారణంగా ఫ్యూజ్ ఉండదు. అది బాడీకి తగిలి షార్ట్ అయితే ఆపేది ఏదీ లేదు. కేబుల్ ఎర్రగా కాలి మంట అంటుకోవచ్చు. అందుకే బొమ్మను నమ్మి కాకుండా, కొలిచి చూసి కలపాలి.

ముందు ఎర్త్ ఏదో తేల్చుకోవాలి

ఇప్పటి కార్లన్నిటిలో బ్యాటరీ నెగటివ్ బాడీకి కలుస్తుంది. పాత బ్రిటిష్ కార్లలో చాలావరకు పాజిటివ్ బాడీకి కలిసేది. 2014 దాకా తయారైన అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కూడా పాజిటివ్ ఎర్త్ బండే. 1967 చివర్లో ఎంజీబీ మార్క్ 2 వచ్చినప్పుడు నెగటివ్ ఎర్త్, ఆల్టర్నేటర్, కొత్త రకం స్టార్టర్ మూడూ కలిసి వచ్చాయి. ఇప్పుడు పాత కార్లకు మెకానిక్‌లు చేసే మార్పు దాదాపు అదే.

వైరు రంగు చూసి నిర్ణయించకూడదు. బ్యాటరీ మీద ప్లస్, మైనస్ గుర్తులు చూసి, మల్టీమీటర్‌తో ఖాయం చేసుకుని, ఏ కేబుల్ బాడీకి వెళ్తోందో చేత్తో పట్టుకుని వెతకాలి.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, పాత సెల్ఫ్ మోటార్లో అయస్కాంతాలు ఉండవు, రాగి తీగ చుట్టిన ఫీల్డ్ కాయిళ్లు ఉంటాయి. దానికి ప్లస్ మైనస్ మార్చి ఇచ్చినా ఒకే వైపు తిరుగుతుంది. ఇప్పుడు దొరికే చిన్న గేర్ రిడక్షన్ స్టార్టర్లు చాలావాటిలో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. వాటికి కరెంటు తిరగేసి ఇస్తే మోటార్ ఉల్టా తిరుగుతుంది, ఇంజిన్ కదలదు. ఆల్టర్నేటర్ అయితే ఒక్క క్షణంలో డయోడ్లు పోగొట్టుకుంటుంది.

సాలినాయిడ్ ఎక్కడుంది?

పాత రకం సెల్ఫ్‌కి ఒకే ఒక లావు టెర్మినల్ ఉంటుంది. సాలినాయిడ్ విడిగా బాడీ మీద ఉంటుంది. తాళం తిప్పగానే కరెంటు మోటార్‌కి చేరుతుంది. మోటార్ ఒక్కసారిగా తిరిగిన ఊపుకి పినియన్ జారి ఫ్లైవీల్ పళ్లలో పడుతుంది.

కొత్త రకంలో సాలినాయిడ్ మోటార్ నెత్తిమీదే ఉంటుంది. అది ముందు పినియన్‌ని పళ్లలోకి తోసి, ఆ తర్వాతే మోటార్‌కి కరెంటు వదులుతుంది. దీనికి రెండు కనెక్షన్లు కావాలి. బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండే లావు కేబుల్ 30 నంబర్ టెర్మినల్‌కి రావాలి. తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు ఇచ్చే సన్న వైరు 50 నంబర్‌కి రావాలి.

కొనే ముందే ఫ్లైవీల్ రింగ్ పళ్ల లెక్క, పళ్ల అంచు కోత ఏ వైపు ఉందో కూడా చూసుకోవాలి. రెండు రకాల స్టార్టర్లలో పినియన్ పళ్లలోకి వచ్చే దిశ వేరుగా ఉండొచ్చు. అది కుదరకపోతే వైరింగ్ ఎంత బాగున్నా పళ్లు అరిగిపోతాయి.

కలిపే పద్ధతి

పాత సాలినాయిడ్‌ని తీసి పారేయక్కర్లేదు. బ్యాటరీ వైపు బోల్టు దగ్గర ఉన్న లైట్లు, చార్జింగ్ వైర్లు అలాగే ఉంచాలి. ఇంతకుముందు రెండో బోల్టు నుంచి సెల్ఫ్‌కి వెళ్లిన లావు కేబుల్‌ని తీసి, బ్యాటరీ వైపు బోల్టుకే కలిపి, రెండో కొసని కొత్త స్టార్టర్ 30కి ఇవ్వాలి. ఖాళీ అయిన రెండో బోల్టు నుంచి 4 లేదా 6 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి 50కి తీసుకెళ్లాలి. తాళం నుంచి పాత సాలినాయిడ్‌కి వచ్చే వైరు కదల్చొద్దు. ఇక పాత సాలినాయిడ్ రిలేగా పనిచేస్తుంది.

తాళం వైరుని నేరుగా 50కి ఇస్తే ఏమవుతుంది? కొత్త సాలినాయిడ్ లాగే క్షణంలో 30 ఆంపియర్లకు మించి కూడా తీసుకోగలదు. పాత స్విచ్ కాంటాక్టులు అంత కరెంటుకి కాలిపోతాయి.

కొందరు కేబుల్‌ని పాత చోటే ఉంచి, కొత్త స్టార్టర్ మీద 30కి, 50కి మధ్య చిన్న ముక్క కలిపేస్తారు. బండి స్టార్ట్ అవుతుంది. కానీ తాళం వదిలాక కూడా అయస్కాంతాల మోటార్ తిరుగుతూ తానే కరెంటు పుట్టించి, సాలినాయిడ్‌ని కాసేపు పట్టి ఉంచుతుంది. పినియన్ వెంటనే వెనక్కి రాదు.

ఇక నుంచి స్టార్టర్ దగ్గరి కేబుల్‌లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. అందుకే టెర్మినల్‌కి రబ్బరు టోపీ తొడగాలి, కేబుల్‌ని సైలెన్సర్ పైపుకి దూరంగా క్లిప్పులతో కట్టాలి. ఈ కేబుల్ అమ్మీటర్ గుండా పోకూడదు. బ్యాటరీ దగ్గర ఒక ఐసోలేటర్ స్విచ్ పెట్టుకుంటే, బండి నిలిపినప్పుడు కరెంటు పూర్తిగా తీసేయొచ్చు.

ఇంజిన్ ఎర్త్ మర్చిపోవద్దు

ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. రబ్బరు గుండా కరెంటు పోదు. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తెగినా, తుప్పు పట్టినా, ఆ కరెంటు చోక్ కేబుల్ గుండానో, యాక్సిలరేటర్ కేబుల్ గుండానో దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక చోక్ కేబుల్ వేడెక్కితే కారణం ఇదే అనుకోవచ్చు. పెయింట్ గీకి, మెరిసే లోహానికి కొత్త పట్టీ బిగించాలి.

కాయిల్ సంగతి

ఇగ్నిషన్ కాయిల్‌కి బల్లాస్ట్ రెసిస్టర్ ఉన్న కార్లలో, సెల్ఫ్ కొట్టేటప్పుడు కాయిల్‌కి పూర్తి వోల్టేజీ ఇచ్చే వైరు ఒకటి వేరే ఉంటుంది. కొత్త స్టార్టర్లో దానికి ప్రత్యేక టెర్మినల్ ఉంటే అక్కడికే ఇవ్వాలి. దాన్ని 50కి కలిపితే తాళం వదిలాక కూడా కాయిల్ వైపు నుంచి కరెంటు వెనక్కి వచ్చి స్టార్టర్ ఆగకపోవచ్చు.

మొదటిసారి సెల్ఫ్ కొట్టేటప్పుడు

పని మొదలుపెట్టే ముందు ఉంగరం, వాచీ తీసేయాలి. బ్యాటరీ ఎర్త్ కేబుల్ ముందు విప్పాలి, చివర్లో బిగించాలి. గేర్ న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు అడ్డు పెట్టాలి. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

కాయిల్‌కి వచ్చే కరెంటు వైరు తీసి, 10 సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టి మీటర్ చూడాలి. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ నిలకడగా 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కంటే తగ్గకూడదు. బ్యాటరీ ప్లస్‌కీ, నెగటివ్ ఎర్త్ బండిలో స్టార్టర్ 30కీ మధ్య తేడా అర వోల్టు దాటితే, కేబుల్ సన్నగా ఉందనో, లగ్ సరిగ్గా పట్టలేదనో అర్థం. వెంటనే కేబుల్‌ని, లగ్గుల్ని తాకి చూస్తే వేడెక్కిన జాయింటు దొరుకుతుంది.

ఇంత సందేహంగా ఉంటే పాత బండ్ల మీద అనుభవం ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్‌ని పిలిపించడమే మంచిది. ఎవరు చేసినా, ఎర్త్ ఏది, ఏ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లింది అనేది కాగితం మీద గీయించి బండిలోనే పెట్టాలి. రేపు కొడుకో, మనవడో ఆ బోనెట్ ఎత్తినప్పుడు వాళ్లకి ఆ కాగితమే ఆధారం.